నన్నారి లేని నన్నారి మన స్టాల్లో వద్దు



పోస్టు పెద్దది. రొంత ఓపిక పట్టి చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే ఇక్కడే అందరి ముందరా తిట్టండి, పర్సనల్‌గా మెసేజిలు పెట్టొద్దండి.

ఆగస్టు 9 ప్రోగ్రాం గురించి మొన్న మీటింగ్ పెట్టుకున్నాం కదా. ఫోటోలు, డాన్సు, ఉపన్యాసాలు అన్నీ అయినాక స్టాల్ మాట వచ్చింది. బ్యానర్ మీద "గిరిజన సంప్రదాయ నన్నారి షర్బత్" అని రాయించాలి, వచ్చినోళ్ళందరికీ తలా ఒక గ్లాసు ఇవ్వాలి, అంగట్లో సీసాలు కొనుక్కోవాలి అని తీర్మానం అయిపోయింది. నేను చెయ్యెత్తి "అంగట్లో సీసా కొని దాని మీద గిరిజన అని ఎట్ల రాస్తామన్నా?" అని అడిగినా. ఒక అన్న నవ్వుతా, "రుచి ఒకటే కదా చెల్లెమ్మా, ఎవరు కనుక్కుంటారు" అన్నాడు. అందరూ నవ్వినారు. నిజం చెప్పాలంటే నేను కూడా నవ్వేసి కూర్చున్నా. హాస్టలుకొచ్చి పడుకున్నాక ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నా.

అన్నా, రుచి ఒకటి కాదు. ఒకటే అయినా సరే, ఆ బ్యానర్ అబద్ధం.

ముందు ఆ సీసా సంగతి. మరుసటి రోజు పూలంగళ్ళ దగ్గర అంగడికి పోయి ఒక సీసా చేతిలోకి తీసుకుని వెనక పక్క చదివినా. ముందర పక్క ఆకుపచ్చ తీగ బొమ్మ, వేర్ల కట్ట బొమ్మ, పెద్ద అక్షరాలతో నన్నారి అని. వెనక మాత్రం అక్షరాలు చీమ తలకాయంత. చక్కెర, నీళ్ళు, 330 నంబరు, 150డి నంబరు, 211 నంబరు, చివర్లో ఆర్టిఫిషియల్ ఫ్లేవర్. అంతే. వేరు అన్న మాటే లేదు. గడ్డ అన్న మాట లేదు. 330 అంటే సిట్రిక్ యాసిడ్, పులుపు కోసం. 150డి అంటే కారామెల్ రంగు, కోలా డ్రింకుల్లో కూడా అదే గోధుమ రంగు. 211 అంటే సోడియం బెంజోయేట్, చెడిపోకుండా వేసేది. ఆ ఫ్లేవరే మన నన్నారి వాసన. అంగడాయన "ఏం పాపా, పరీక్షకు చదువుకుంటాండావా" అని అడిగినాడు. అట్లాంటిదే అన్నా.

ఇవి విషం అని నేను అనడం లేదు. ఇవన్నీ ఒక లెక్క ప్రకారం వాడుకోవడానికి ప్రభుత్వం అనుమతించినవే. నిజంగా వేరు రసం పోసి చేసేవాళ్ళు కూడా ఉండారు, వాళ్ళ సీసా వెనక ఎక్స్‌ట్రాక్ట్ అని రాసి ఉంటుంది, చూసి కొనుక్కోవచ్చు. మనం కొనాలనుకున్న సీసా మాత్రం అది కాదు. అది చక్కెర పాకం, రంగు, సెంటు. దాన్ని ఎవరైనా తాగొచ్చు, నేనూ ఎండాకాలంలో తాగినా. దాన్ని మన పెద్దోళ్ళ పేరు మీద పంచొద్దు అనేదే నా మాట.

ఇంగ నన్నారి అంటే ఏందో మనలోనే సగం మందికి తెలీదని ఆ మీటింగ్‌లో అర్థమైంది. అందుకే రొంత వివరంగా రాస్తున్నా. డిగ్రీలో బోటనీ తీసుకున్నందుకు ఇదొక్కటైనా పనికి రానీ.

రాయలసీమలో నన్నారి అనే పేరుతో రెండు చెట్లు నడుస్తున్నాయి. ఒకటి సుగంధిపాల. నేల మీద, పొదల మీద పాకే సన్నని తీగ. తుంచితే పాలు కారతాయి. ఆకు మధ్యలో తెల్లటి చార ఉంటుంది, ఒకే తీగకు సన్న ఆకులూ ఉంటాయి వెడల్పు ఆకులూ ఉంటాయి. వేరు కూడా సన్నంగా తాడు మాదిరి ఉంటుంది. పుస్తకంలో పేరు హెమిడెస్మస్ ఇండికస్. రెండోది మన కొండోళ్ళు మారేడు కొమ్ములు, మాదిన కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని తలా ఒక పేరుతో పిలిచేది. దీని వేరు లావు, కండ పట్టి గడ్డల మాదిరి గుత్తిగా ఉంటుంది. రాతి గుట్టల సందుల్లోకి దూరి పెరుగుతుంది, బండ పక్కన తవ్వి బండను కదిలిస్తే గానీ రాదు. పుస్తకంలో డెకాలెపిస్ హామిల్టొనై. మారేడు అన్నారని శివుడికి పెట్టే మారేడు దళం చెట్టు అనుకోవద్దండి, దానికీ దీనికీ సంబంధం లేదు. తమిళనాడులో దీన్నే మాకాళి కిళంగు అంటారు, ఊరగాయ పెట్టుకుంటారు. కర్ణాటకలో మాకళి బేరు. సీమలో షర్బత్‌కు ఎక్కువగా వాడేది ఈ లావు గడ్డే. సన్న వేరు మందుకు పోతుంది.

ఆ హామిల్టన్ ఎవరో ఒక తెల్లాయన. చెట్టు పేరులో ఆయన శాశ్వతంగా ఉండిపోయినాడు. బండ సందులో చెయ్యి పెట్టి గడ్డ ఎక్కడుందో మొదట కనుక్కున్న మనిషి పేరు ఏ పేజీలోనూ లేదు.

రెండు చెట్లకూ ఆ వాసన ఎక్కడిది? రెండింటిలోనూ ముఖ్యంగా ఉండేది ఒకటే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. పేరు చూసి భయపడొద్దండి. ఐస్‌క్రీంలో వేసే వనిల్లా వాసన ఉంది కదా, దాని వెనక ఉండే వనిలిన్‌కూ దీనికీ అణువులో పరమాణువుల లెక్క ఒకటే, కూర్చున్న చోట్లు వేరు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల మాదిరి. అందుకే మంచి నన్నారి మూత తీస్తే ఎక్కడో వనిల్లా గుర్తొస్తుంది. కానీ గడ్డలో ఆ ఒక్కటే ఉండదు. రొంత చేదు, రొంత వగరు, మట్టి వాసన, నాలిక మీద చల్లగా తగిలి పోయే ఇంకేదో ఉంటుంది. ఫ్యాక్టరీ ఫ్లేవర్‌లో వాసన మాత్రమే తీసుకుంటారు, మిగతావి వదిలేస్తారు. అందుకే సీసా షర్బత్ ముక్కుకు ముందు తగిలి, గొంతులోకి పోయేటప్పటికి ఉత్త చక్కెర నీళ్ళయిపోతుంది. నిజమైనది తాగి ఒక నిమిషం అయినాక కూడా నోట్లో ఉంటుంది. ఆ అన్న ఎప్పుడూ నిజమైనది తాగి ఉండడు. అది ఆయన తప్పు కాదు. మనలో చాలామందిమి కొండ దిగి రెండు తరాలైంది.

పోయిన నెల ఈ గ్రూపులోనే ఒక వీడియో తిరిగింది. అమెరికా వాళ్ళు తాగే రూట్ బీర్ అంటే మన నన్నారే అంట, వాళ్ళు మన దగ్గర కొట్టేసినారంట. కింద వంద లైకులు. అది కూడా తప్పే. అయితే రూట్ బీర్ అసలు కథ తెలుసుకుంటే మనకు పనికొచ్చేది శానా ఉంది.

రూట్ బీర్‌లో అసలు వేరు సాసాఫ్రాస్ అనే చెట్టుది. అది తూర్పు అమెరికా అడవుల్లోది, మన దగ్గర లేదు. దాంతో పాటు సర్సపరిల్లా వేరు, అతిమధురం, వనిల్లా, వింటర్‌గ్రీన్ ఆకు, బర్చ్ చెట్టు బెరడు, ఎవరి లెక్క వాళ్ళది. ఈ వింటర్‌గ్రీన్‌లో ఉండేది మిథైల్ సాలిసిలేట్, మనం నడుము నొప్పికి రాసుకునే బామ్‌లో ఉండే వాసన అదే. అందుకే మన దేశపోళ్ళు మొదటిసారి రూట్ బీర్ తాగితే, బామ్ తాగినట్టుందని మొహం చిట్లిస్తారంట. సర్సపరిల్లా అనేది మధ్య అమెరికా వైపు ముళ్ళ తీగ, స్పానిష్ వాళ్ళు పెట్టిన పేరు. తెల్లోళ్ళు ఇక్కడికొచ్చి మన సుగంధిపాలను చూసి, ఇదీ అట్లాంటిదే అని ఇండియన్ సర్సపరిల్లా అని పేరు పెట్టేసినారు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఫార్మకోపియా అనే మందుల పుస్తకంలో కూడా చేర్చుకున్నారు. రెండు చెట్లూ ఒక కుటుంబం కూడా కాదు. పేరు కలిసింది, అంతే. మనల్ని చూసి ఇండియన్స్, వాళ్ళను చూసి కూడా ఇండియన్స్ అన్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి. సాసాఫ్రాస్ వేరు బెరడు ఉడకబెట్టి తాగడం చెరోకీ లాంటి అక్కడి ఆదివాసీ జాతులకు ముందు నుంచీ తెలుసు. చోక్టా వాళ్ళు దాని ఆకు ఎండబెట్టి పొడి చేసి కూరలో వేసేవాళ్ళు. తెల్లోళ్ళు వాళ్ళ దగ్గర చూసి నేర్చుకుని, 1600ల మొదట్లోనే ఓడల్లో ఆ వేరును ఇంగ్లండుకు మోసుకుపోయినారు. 1830లో ఇండియన్ రిమూవల్ యాక్ట్ వచ్చింది. 1838లో చెరోకీ వాళ్ళను సొంత కొండల నుంచి సైన్యం పెట్టి పడమటికి తోలేసినారు, దారిలో వేల మంది చచ్చిపోయినారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు, 1876లో, ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగితే చార్లెస్ హైర్స్ అనే మందుల షాపు ఆయన రూట్ బీర్ తెచ్చి పెట్టినాడు. మందు తాగొద్దు, ఇది తాగండి అని అమ్ముకున్నాడు. దేశమంతా పాకింది. వేరు చూపించినోళ్ళు తరిమేసిన చోట ఉండారు, వేరు నీళ్ళు ఎగ్జిబిషన్‌లో ఉండాయి.

కథ అక్కడితో అయిపోలేదు. సాసాఫ్రాస్ నూనెలో సాఫ్రోల్ అనే పదార్థం ఉంది. ప్రయోగశాలలో జంతువులకు పెడితే క్యాన్సర్ వచ్చిందని 1960లో అమెరికా ప్రభుత్వం దాన్ని తినే వస్తువుల్లో వాడొద్దని నిషేధించింది. అప్పటి నుంచి మామూలుగా అంగట్లో దొరికే రూట్ బీర్‌లో ఆ వేరు లేదు. సాఫ్రోల్ తీసేసిన రసమో, ఫ్యాక్టరీ ఫ్లేవరో పోస్తున్నారు. రూట్ పోయింది. బీర్ ఎప్పుడూ పెద్దగా లేదు. పేరు మాత్రం మిగిలింది.

వాళ్ళు వేరు తీసేసింది ఆరోగ్యం కోసం. మన సీసాలో వేరు తీసేసింది దేని కోసం? గడ్డ కొనే ఖర్చు మిగుల్తుందని. గడ్డ తవ్వే మనిషితో బేరం ఉండదని. అడవితో, వానతో, మనతో పని లేకుండా నన్నారి అమ్ముకోవచ్చని. ఆ సీసాను మనమే కొని, మన పేరు దాని మీద మనమే అతికించి, మన పండగ నాడు పంచుతామంటే ఎట్ల అన్నా?

గడ్డ తవ్వడం అంటే ఏందో ఒక్క పేరా రాస్తా, తర్వాత ఆ మాట ఎత్తను. మా అవ్వ తవ్వింది. యానాదోళ్ళం కాబట్టి అది మాకు కొత్త కాదు. వేంపల్లి దాటి పాపాగ్ని కొండను చీల్చుకుని వచ్చే గండి పక్కన పాలకొండల్లోకి తెల్లారకముందే పోయేవాళ్ళు. గడ్డపార, సంచి, నీళ్ళు. పొద్దు గుంకే లోపల దిగాలి. దినమంతా తవ్వి తెచ్చి అమ్మితే వచ్చిన దుడ్లు ఇప్పటి సీసాలు రెండు కొనడానికి చాలవు. ఒకసారి దారిలో యూనిఫాం వేసుకున్న ఒకాయన ఆపి, సంచి కుమ్మరించి, ఎర్రచందనం ముక్కలేమైనా ఉండాయేమో అని వెతికి, ఏమీ లేకపోయినా సంచి మాత్రం తీసుకుని పంపించినాడంట. అవ్వ ఈ మాట చెప్పినప్పుడల్లా సంచి గురించే బాధపడేది, కొత్త సంచి అని.

ఎర్రచందనం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాల. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలను పోలీసులు కాల్చేసినారు. వాళ్ళలో అక్కడి జవ్వాదు కొండల ఆదివాసీలు కూడా ఉండారు. పెద్ద స్మగ్లర్లు ఎవరూ ఆ దినం చావలేదు. ఆ తర్వాత మా వాళ్ళలో గడ్డల కోసం అడవిలోకి పోవాలంటే భయం పట్టుకుంది. గడ్డపార భుజాన పెట్టుకున్న మనిషి దూరం నుంచి చూస్తే ఎట్ల కనపడతాడో ఎవరికి తెలుసు?

ఇక్కడే మనం చదువుకున్నోళ్ళం చెయ్యాల్సిన పని ఉంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(సి) చదవండి. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు, సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు మనవి. చిన్న తరహా అటవీ ఉత్పత్తి అంటే ఏందో సెక్షన్ 2(ఐ) లో ఉంది. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందు మొక్కలు, వేర్లు, దుంపలు. వేర్లు, దుంపలు అని ఆ మాటల్లోనే రాసి ఉంది అన్నా! మా అవ్వ సంచిలో ఉన్నవి అవే. 2012లో మార్చిన నియమాల ప్రకారం ఆ సరుకు రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ వేసుకున్న కమిటీ.

"అది షెడ్యూల్డ్ ఏరియాకే, మన కడపకు వర్తించదు" అని మనలో పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు కూడా చెప్తుంటే విన్నా. తప్పు. పెసా చట్టం, 1996ది, అది షెడ్యూల్డ్ ఏరియాకు. మన రాయలసీమలో షెడ్యూల్డ్ ఏరియా లేదు కాబట్టి పెసా మనకు లేదు, నిజమే. కానీ అటవీ హక్కుల చట్టం దేశంలో ఉన్న అటవీ భూములన్నింటికీ వర్తిస్తుంది, అభయారణ్యం అయినా, నేషనల్ పార్కు అయినా. ఎస్టీలయితే మూడు తరాల రుజువు కూడా అడగకూడదు. 75 ఏళ్ళ లెక్క అడిగేది మిగతా అడవి వాసులకు. మనకు 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి అడవి మీద ఆధారపడి అక్కడ ఉంటున్నట్టు చూపిస్తే చాలు. సాముదాయక హక్కులకు ఫారం బి. గ్రామసభ తీర్మానం కావాల. ఈ రెండు ముక్కలు తెలిసుంటే ఆ రోజు అవ్వ సంచి పోయేది కాదేమో. తెలిసున్నా పోయేదేమో. కానీ అడగడానికి ఒక మాట ఉండేది.

మన ఎగ్జిబిషన్ బోర్డుల మీద వంద సార్లు వాడే మాట "మన సంప్రదాయ జ్ఞానం". దాని మీద డబ్బు ఎవరైనా ఇచ్చినారా అంటే ఒక ఉదాహరణ ఉంది. కేరళలో కాణి జాతి వాళ్ళు అడవిలో అలసట రాకుండా ఒక మొక్క కాయలు తినేవాళ్ళు, ఆరోగ్యపచ్చ అంటారు. శాస్త్రవేత్తలు వాళ్ళ వెంట పోయి అది చూసి, దాంతో జీవని అనే మందు తయారు చేసినారు. 1995లో దాని లైసెన్సును ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల ఫీజుకు, 2 శాతం రాయల్టీకి ఇచ్చినారు, అందులో సగం కాణి వాళ్ళ ట్రస్టుకు అని ఒప్పుకున్నారు. అంతా బాగా జరిగింది అనను, కాణి వాళ్ళలోనే దాని మీద గొడవలు వచ్చినాయి. కానీ కనీసం లెక్క రాసినారు. మన సీమలో వీధికొక నన్నారి బండి ఉంది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, ఇక్కడ, ఎండాకాలం వస్తే నిమ్మకాయ పిండి, సోడా కొట్టి, గ్లాసు మీద గ్లాసు. లెక్క ఎవరు రాసినారు?

ఆ బండోళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళూ పొట్టకూటికే.

మనోళ్ళ పేరు ఇట్ల జారిపోవడం కొత్తది కూడా కాదు. శ్రీహరికోటలో, ఇప్పుడు రాకెట్లు ఎగిరే చోట, మా యానాదోళ్ళు చిరివేరు తవ్వి ఇచ్చేవాళ్ళు. ఆ వేరుతో బట్టలకు ఎర్ర రంగు వేసేవాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీ రంగులొచ్చినాయి, వేరు అక్కర్లేకపోయింది. తర్వాత దీవి కూడా వదిలిపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు చిరివేరు అంటే మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు, నేను లైబ్రరీ పుస్తకంలో చదివి తెలుసుకున్నా.

ఇంగ మన తప్పు కూడా చెప్పాల, లేకుంటే ఇదంతా పక్కోళ్ళను తిట్టడమే అయితుంది. లావు గడ్డ నన్నారి, మారేడు కొమ్ములు, దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా పుట్టదు. ఐయూసీఎన్ వాళ్ళ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదం ఉన్న వాటిలో ఉంది. కారణం ఏందంటే వేరే ఏమీ కాదు, తవ్వడమే. ఆకు కోస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, గడ్డ మొత్తం పెరికితే చెట్టే పోతుంది. పాత కాలంలో కొంత గడ్డ వదిలి మట్టి కప్పి వచ్చేవాళ్ళని అవ్వ చెప్పేది. దళారి లారీ కోసం తొందర పెట్టడం మొదలైనాక ఆ వదిలేది మానేసినారు. ఆకలి మనిషి ఎదురుగా గడ్డ పెట్టి, సగం వదిలెయ్యి అని చెప్పడం తేలిక కాదు, నేను హాస్టల్ మెస్సులో మూడు పూటలా తింటా చెప్తున్నా కాబట్టి ఇంకా సిగ్గుగా ఉంది. అయినా చెప్పాల.

"అయితే ఎసెన్స్ సీసానే మంచిది కదా, చెట్టు బతుకుతుంది" అని ఆ రోజు ఇంకో అక్క అనింది. తెలివైన మాటే. రెండు దినాలు దీని మీదే ఆలోచించినా. నా జవాబు ఇది. ఎసెన్స్ వచ్చినంత మాత్రాన తవ్వకం ఆగలేదు, మందుల కోసం, ఊరగాయ కోసం, మంచి షర్బత్ కోసం గడ్డ పోతానే ఉంది. ఎసెన్స్ చేసింది ఒక్కటే, గడ్డకు ధర పెరగకుండా చూసింది. ధర లేని వస్తువును ఎవరూ నాటరు. చెట్టు బతకాలంటే దాన్ని పెంచుకునే మనిషికి దాంట్లో బతుకు కనపడాల. మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఈ చెట్టును టిష్యూ కల్చర్‌లో పెంచే పద్ధతుల మీద పని చేసినారు. విత్తనం నుంచి కూడా వస్తుంది. మన తండాల్లో, సంఘాల్లో ఇంటి వెనక రాళ్ళ గట్టు మీద ఎందుకు పెట్టకూడదు? జీసీసీ 1956 నుంచి ఉంది, గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటుంది, నన్నారి షర్బత్ కూడా తన పేరుతో అమ్ముతుంది. వాళ్ళకు ఒక అర్జీ రాయడానికి మన గ్రూపులో ఇంతమంది డిగ్రీ వాళ్ళం ఉండి చేతకాదా?

సరే, స్టాల్. విమర్శ చేసి ఊరుకుంటే "నువ్వే చెయ్యి" అంటారని తెలుసు. లెక్క వేసినా.

200 గ్లాసులు అనుకుందాం. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల పాకం చాలు, మిగతాది నీళ్ళు, నిమ్మరసం. అంటే 6 లీటర్ల పాకం. దానికి 4 లీటర్ల నీళ్ళు, 4 కిలోల చక్కెర, అర కిలో ఎండు కొమ్ములు. అంతే! అర కిలో కోసమా మనం అబద్ధం బ్యానర్ రాయించేది?

చేసే పద్ధతి కూడా రాస్తున్నా. కొమ్ముల మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్ళతో కడగాల. రోకలితో రొంత కొట్టి, మధ్యలో ఉండే కట్టె మాదిరి బొద్దు తీసి పారెయ్యాల, వాసన అంతా పైన కండలోనే ఉంటుంది. ఆ కండను కచ్చాపచ్చాగా దంచి నీళ్ళలో రాత్రంతా నానబెట్టాల. తెల్లారి మూత పెట్టి సన్న సెగ మీద కాసేపు కాచాల. కుతకుత ఉడికించొద్దు, ఆ వాసన పదార్థం ఆవిరితో పాటు పోతుంది, ఇంటి నిండా ఘుమఘుమ, గిన్నెలో ఏమీ ఉండదు. చల్లారినాక బట్టలో వడకట్టి, చక్కెర పాకం వేరేగా పట్టి కలపాల. రంగు చూసి దిగులు పడొద్దండి. సీసాలో ఉన్నట్టు నల్లగా రాదు, లేత టీ నీళ్ళ మాదిరి వస్తుంది. ఎవరైనా "రంగు తక్కువుందే" అంటే 150డి కథ చెప్దాం.

గడ్డలు మాకు తెలిసిన ఒక పెద్దమ్మ దగ్గర అడిగినా. కొండలో చెట్టు మొత్తం పెరక్కుండా తీసినవే ఇస్తానంది. ఆమె చెప్పిన ధర ఇస్తాం, బేరం ఆడం. బ్యానర్ మీద సంప్రదాయం, గిరిజన అనే పెద్ద మాటలు తీసేసి, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు రాయిద్దాం. స్టాల్ పక్కన ఒక చార్టు మీద 3(1)(సి) తెలుగులో రాసి నేనే కడతా. ఫారం బి జిరాక్సులు ఇరవై పెడతా, ఎవరి తండా నుంచి వచ్చినోళ్ళు వాళ్ళు తీసుకుపోవచ్చు.

1982లో ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల గురించి ఏర్పాటు చేసిన బృందం మొదటిసారి కూర్చుంది, అందుకే ఆ తేదీ. ఆ కూర్చున్నోళ్ళు మాట్లాడింది హక్కుల గురించి. మనం సీసా మూతలు తిప్పుతా ఉంటే బాగుండదు.

ఆ రోజు నవ్విన అన్న ఇది చదువుతాడని తెలుసు. అన్నా, నీ మీద కోపం లేదు. 7వ తేదీ సాయంత్రం కొమ్ములు దంచాల, మా హాస్టల్లో రోకలి లేదు, మీ రూము పక్కన ఇంటావిడ దగ్గర ఉందని విన్నా. అడిగి తెచ్చిపెట్టు. దంచడానికి ఇంకో ఇద్దరు కావాల, పేర్లు కింద కామెంట్‌లో రాయండి.